అది రాయకమ్మా

మా పెద్దమ్మ ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. 1985లో పెదనాన్న కువైట్ వెళ్ళినప్పుడు నేను ఐదో తరగతి. పెద్దమ్మకి చదువు రాదు. ఆవిడ అత్తగారికి చూపు ఆనదు. ఊళ్ళో రాసిపెట్టేవాళ్ళు ఉన్నారు కానీ మొగుడికి చెప్పే మాటలు పరాయివాళ్ళ చేత ఎలా రాయిస్తాం అని ఆవిడ బాధ. మా ఇల్లు ఆ పక్కనే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని మా మాస్టారు మెచ్చుకునేవారు. అలా ఆ పని నాకు వచ్చింది.

మాది రాజోలు దాటాక, సఖినేటిపల్లి వైపు ఓ చిన్న ఊరు. అటు పక్క వశిష్ఠ గోదావరి. నరసాపురం వెళ్ళాలంటే రేవు దగ్గర పంటు ఎక్కాలి. అప్పట్లో మా వైపు ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో కువైటో మస్కటో వెళ్ళినవాళ్ళే. కొబ్బరి, వరి ఉన్నా అరెకరం, ఎకరం మీద ఎంతమంది బతుకుతారు? పెదనాన్నకి చెల్లెలి పెళ్ళి అప్పు ఉంది, వీసా కోసం చేసిన అప్పు దానికి తోడైంది. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు పని.

అక్కడికి రాయాలంటే ఏరోగ్రామ్. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. లేత నీలం రంగు కాగితం. రాసి, మూడు మడతలు పెట్టి, అంచులు అంటిస్తే అదే కవరు అవుతుంది. లోపల ఏమీ పెట్టకూడదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. ఆ సంగతి నేను చదివి చెప్పినప్పుడు పెద్దమ్మ మొహం చిన్నబోయింది. సన్నజాజి పువ్వు ఒకటి పెడదామనుకుందిట. ఆ రాత్రి రాయని కాగితం మీద నాలుగు పువ్వులు పరిచి, పైన పళ్ళెం బోర్లించి పెట్టింది. పొద్దున్నే పువ్వులు తీసేసి కాగితం నాకిచ్చింది. "ఇప్పుడు రాయి" అంది. అప్పటినుంచి ప్రతి ఉత్తరానికీ అదే పద్ధతి. రాయడం అయ్యాక నాలుగు మూలలా పసుపు అద్దేది. ఉడికిన అన్నం మెతుకులతో నేను అంటించేదాన్ని. పైన అడ్రసులో ఆ అరబ్బు గారి పోస్ట్ బాక్స్ నంబరు, కింద సఫాత్, కువైట్. ఇంగ్లీషులో మా ఊరి పేరు కన్నా ముందు నేను తప్పుల్లేకుండా నేర్చుకున్నది సఫాత్ అని రాయడమే.

"మహారాజశ్రీ భర్తగారి పాదములకు మీ భార్య నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను." ఇంతవరకూ చెప్పక్కర్లేకుండానే రాసేసేదాన్ని. ఆ తర్వాత పెద్దమ్మ మొదలుపెట్టేది. కొబ్బరి దింపు తీయించాం, ఇన్ని కాయలు వచ్చాయి. డ్రాఫ్ట్ అందింది, షావుకారుకి ఇంత కట్టాను. గేదె ఈనింది, పెయ్యదూడ. పిల్లాడు అ ఆలు దిద్దుతున్నాడు.

మధ్యలో ఆగి, నావైపు చూడకుండా వాకిట్లోకి చూస్తూ ఏదో అనేది. "రాత్రి కుక్కలు మొరిగితే భయమేసింది." నేను రాయబోతే చెయ్యి పట్టుకునేది. "అది రాయకమ్మా. అక్కడ ఆయనకి నిద్రపట్టదు." ఇంకోసారి, "పిల్లాడు నాన్న ఏడీ అని అడగడం మానేశాడు. అది రాయకు." మరోసారి, "మొన్న జ్వరం వచ్చి మూడు రోజులు లేవలేదు. అదీ రాయకు. కాయల లెక్క రాశావా?"

అలా ప్రతి ఉత్తరంలోనూ రాసినవి కొన్ని, రాయనివి కొన్ని ఉండేవి. రెండూ విన్నది నేను ఒక్కదాన్నే.

పెదనాన్న ఏడో తరగతి దాకా చదివారు. జవాబు ఆయనే రాసేవారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలేవారు కాదు. చుట్టూ ఎర్రటి నీలపు అంచు ఉన్న కవరు రావడానికి పదిహేను రోజులు, ఒక్కోసారి నెల పట్టేది. పోస్టుమేన్ సైకిల్ బెల్లు మా ఇంటి ముందు రెండుసార్లు మోగితే పెద్దమ్మకి ఉత్తరం వచ్చినట్టు. తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేది. కవరు చింపనిచ్చేది కాదు, చాకుతో అంచు జాగ్రత్తగా కోసి తీయమనేది.

ఆయన ఉత్తరాల్లోనూ డబ్బు లెక్కలే ఎక్కువ. కానీ చివర, చిన్న అక్షరాలతో, ప్రతిసారీ ఒకే ప్రశ్న. "సన్నజాజి పూస్తోందా?"

నూతి దగ్గర పందిరికి పాకిన తీగ అది. పెళ్ళయిన కొత్తలో పెదనాన్నే అంతర్వేది వైపు నుంచి ఎక్కడో తెచ్చి నాటారు. ఎనిమిది దినార్లు ఎలా ఖర్చుపెట్టాలో అంత పొడుగ్గా రాసే మనిషి, ఒక పూలతీగ గురించి ప్రతి ఉత్తరంలోనూ ఎందుకు అడుగుతారా అని నాకు వింతగా ఉండేది. పెద్దమ్మ చెప్పే జవాబూ ఎప్పుడూ ఒకటే.

"పూస్తోందని రాయి. పెట్టుకోవడం లేదని మాత్రం రాయకు."

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేరు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి చేరింది. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వదిలారు. అంత నీరూ మా లంకల మీదుగా సముద్రంలోకి పోవాలి. మా ఊళ్ళో అందరం ఏటిగట్టు ఎక్కేశాం. అమ్మ బియ్యం బస్తా కోసం, నాన్న పశువుల కోసం తిప్పలు పడుతుంటే పెద్దమ్మ పిల్లాణ్ణి చంకన వేసుకుని, నెత్తి మీద రేకుపెట్టెతో వచ్చింది. అందులో నగలున్నాయేమో అనుకున్నాం. గట్టు మీద గోనెపట్టాల కింద కూర్చున్నప్పుడు మూత తీసి తడిసిందేమో అని చూసుకుంది. అన్నీ ఉత్తరాలే.

నీళ్ళు తీశాక పెదనాన్న ఉత్తరం వచ్చింది. రేడియోలో విన్నారుట. దాన్లో లెక్కలేమీ లేవు. "ఇల్లు పోతే మళ్ళీ కట్టుకుందాం. పెట్టె, బిందె చూసుకుంటూ ఉండకు. నువ్వూ పిల్లాడూ ముందు గట్టెక్కండి" అని ఉంది. గట్టు దిగొచ్చి నెల దాటాక ఆ మాట వింటూ పెద్దమ్మ ఎంత ఏడ్చిందో. నాకు పదకొండేళ్ళు. బతికి బయటపడ్డాక ఏడవడం ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

1987లో సెలవు మీద వచ్చి రెండు నెలలున్నారు. ఆ రెండు నెలలూ పెద్దమ్మ జడలో సన్నజాజులున్నాయి. వెళ్తూ వెళ్తూ ఒక టేప్‌రికార్డరు వదిలేసి వెళ్ళారు. తర్వాత ఊరికి వస్తున్న వాళ్ళ చేత ఒక క్యాసెట్ పంపారు. పెద్దమ్మ మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపేసుకుని విన్నది. తిరిగి తన గొంతు రికార్డు చేసి పంపాలని కూర్చుంది. బటన్ నొక్కి నేను పక్కన కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు. కాకి అరుపు, నూతిగిలక చప్పుడు, ఆవిడ రెండుసార్లు దగ్గడం, అంతే. చెరిపేద్దామంటే వద్దంది, అలాగే పంపించింది. ఆ కాకి మన కొబ్బరిచెట్టు మీదిదేనా అని పెదనాన్న జవాబు రాశారు.

ఇక 1989 సంగతి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది అదే.

ఆ జనవరి ఆఖర్లో పెదనాన్న ఉత్తరం వచ్చింది. ఒప్పందం అయిపోతోంది. అరబ్బు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నాడు. అప్పు కొంచెమే మిగిలింది, ఉంటే పెంకుటింటి మీద స్లాబు వేసుకోవచ్చు. అన్నీ చెప్పి, "నువ్వేమంటావు?" అని అడిగారు. పెద్దమ్మని ఆయన అలా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఆ మాట నా చేత మూడుసార్లు చదివించుకుంది.

జవాబు రాయడానికి రెండు వారాలు పైనే తీసుకుంది. చివరికి భీష్మ ఏకాదశి నాడు పొద్దున్నే పిలిచింది. ఆ రోజే అంతర్వేదిలో రథోత్సవం. మా ఇంట్లో వాళ్ళు, పక్కవాళ్ళు తీర్థానికి బయల్దేరుతున్నారు. నేను కొత్త పరికిణీ కట్టుకుని ఉన్నాను. పెద్దమ్మ మామూలుగానే మొదలుపెట్టింది. దింపు, ఒలుపు, షావుకారు, పిల్లాడి బడి. అన్నీ రాశాను. వీధిలోంచి అమ్మ రెండుసార్లు కేకేసింది. ఏరోగ్రామ్ వెనకవైపు చివరి మడత దాకా నిండిపోయింది. అప్పుడు పెద్దమ్మ మెల్లగా అంది.

"ఇంక చాలు, వచ్చెయ్యమని రాయి. స్లాబు వద్దు ఏమీ వద్దు. ఉన్నదాంతోనే తిందాం."

చోటు లేదు. పక్కన మార్జిన్‌లో నిలువుగా రాయొచ్చు, అంతకుముందు చాలాసార్లు రాశాను కూడా. వీధిలో బండి కదులుతున్న చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళూ ఆవిడ చివర చివర చెప్పే మాటలు ఎక్కువగా రాయకుండా వదిలేసేవే. చెయ్యి అలవాటుగా ఆగిపోయిందేమో. అలవాటే అని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. నాకు తొందరగా ఉంది, అంతే.

"రాశావా?"

"రాశాను పెద్దమ్మా."

మెతుకులు పెట్టి అంటించేసి పరిగెత్తాను. రథం లాగడం చూశాను, జీళ్ళు తిన్నాను, గాజులు వేయించుకున్నాను. ఉత్తరం సంగతి మర్నాటికే మర్చిపోయాను.

మార్చిలో జవాబు వచ్చింది. "రెండేళ్ళకి ఒప్పుకున్నాను. ఏమీ అనుకోకు." చదివి వినిపించాను. పెద్దమ్మ ఏమీ అనలేదు. లేచి గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళింది. ఆ తర్వాత నెల దాటినా ఉత్తరం రాయడానికి పిలవలేదు. నాకు పరీక్షలని పిలవలేదేమో అనుకున్నాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. రేడియోలో ఆ వార్త వచ్చిన పొద్దున మా ఊళ్ళో ఏ పొయ్యీ సరిగ్గా వెలగలేదు. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు, డ్రాఫ్టులు లేవు. రాజోలులో ఎవరికో కబురు వచ్చిందంటే ఇక్కడినుంచి నలుగురు సైకిళ్ళ మీద వెళ్ళి కనుక్కుని వచ్చేవారు. కువైట్‌కి ఉత్తరాలు వెళ్ళడం లేదని పోస్టాఫీసులో చెప్పేశారు.

ఆ మాట విన్నాక కూడా పెద్దమ్మ ఒక ఏరోగ్రామ్ కొనుక్కొచ్చింది. పువ్వులు పరిచింది. పొద్దున్నే నన్ను పిలిచింది. నాకు పదిహేనేళ్ళు, ఇంటర్‌లో చేరాను. వెళ్ళని ఉత్తరం ఎందుకు పెద్దమ్మా అని అడగబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

అలాంటివి ఐదు రాశాను ఆ రెండు నెలల్లో. వాటిలో కొబ్బరికాయల లెక్క లేదు, షావుకారు లేడు. ఒక్కసారి కూడా "అది రాయకు" అనలేదు. కుక్కల భయం రాయమంది. జ్వరాలు రాయమంది. "సన్నజాజి పూస్తోంది కానీ నేను పెట్టుకోవడం లేదు. ఆ వాసనకి నాకు నిద్రపట్టదు. అందుకని ముందుగది కిటికీ మూసేసి పడుకుంటున్నాను" అని రాయించింది. నేను తల ఎత్తకుండా రాస్తూ పోయాను.

మొదటి ఉత్తరంలోనే, సగంలో, ఇలా అంది. "పోయినేడాది మీరు అడిగారు కదా అని వచ్చెయ్యమని రాయించాను. మీరు ఆ మాటకి జవాబైనా ఇవ్వలేదు. నా మాట అంత కానిదైపోయిందా అని చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పుడు ఆ బాధ కూడా లేదు. మనిషి వస్తే చాలు."

నా కలం ఆగిపోయింది. భీష్మ ఏకాదశి పొద్దున, పరికిణీ, బండి చప్పుడు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. ఏడాదిన్నర పాటు ఈవిడ నా వల్ల ఆయన మీద ఆ బాధ పెట్టుకుని తిరిగింది. చెప్పేయాలి, అప్పుడే చెప్పేయాలి. "రాశావా?" అంది పెద్దమ్మ. ఆ రోజు మాత్రం ప్రతి మాటా రాశాను. కానీ నోరు తెరిచి నిజం చెప్పలేకపోయాను. ఆయన తిరిగి రాకపోతే ఏమిటన్న ఆలోచనకి కాళ్ళు చేతులు చల్లబడిపోయాయి. ఆ రెండు నెలలూ నేను సరిగ్గా అన్నం తినలేదు. పెదనాన్న మీద బెంగ అనుకుంది అమ్మ.

అప్పుడు మన ఎయిర్ ఇండియా విమానాలు జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి 59 రోజుల్లో దాదాపు 500 సార్లు తిరిగి లక్షమందికి పైగా మనవాళ్ళని బొంబాయి చేర్చాయి. ఆ లక్షలో మా పెదనాన్న ఒకరు. కువైట్ నుంచి బస్సులో బాగ్దాద్, అక్కడినుంచి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాల్లో పన్నెండు రోజులు. సెప్టెంబరు ఆఖర్లో ఒక సాయంత్రం నరసాపురం రేవు నుంచి పంటు దిగి, ఒక ప్లాస్టిక్ సంచితో నడుచుకుంటూ వచ్చారు. దాచుకున్న దినార్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. గడ్డం పెరిగి, నల్లబడి, పిల్లాడు గుర్తుపట్టలేదు. పెద్దమ్మ పలకరించలేదు, ఏడవలేదు. నీళ్ళు తోడి పెట్టింది.

ఆ రాత్రి ముందుగది కిటికీ తెరిచి ఉండడం మా అరుగు మీంచి చూశాను.

అప్పు మళ్ళీ పెరిగింది. 1992లో పెదనాన్న మళ్ళీ కువైట్ వెళ్ళారు. ఉత్తరాలు మళ్ళీ మొదలయ్యాయి. నేను నరసాపురంలో డిగ్రీ చదువుతూ ఆదివారాలు రాసేదాన్ని. ఒక తేడా వచ్చింది. పెద్దమ్మ ఎప్పుడూ రెండు ఏరోగ్రాములు కొనేది. ఎందుకు పెద్దమ్మా, ఒకటి సరిపోతుంది కదా అంటే, "ఉండనీ" అనేది. పెదనాన్న ఉత్తరాల చివర సన్నజాజి ప్రశ్న కింద నాకోసం ఒక లైను ఉండేది. "అమ్మలూ, కాగితం చాలకపోతే ఇంకోటి తీసుకోండి. డబ్బులు చూసుకోవద్దు." చదువుకుంటున్న పిల్లనని అలా రాస్తున్నారు కాబోలు అనుకునేదాన్ని. నా పెళ్ళయి హైదరాబాదు వచ్చేశాక రాజోలులో విదేశాలకి ఫోన్ చేసుకునే ఐ.ఎస్.డి. బూత్‌లొచ్చాయి. ఎర్రటి అంకెలు పరిగెడుతుంటే వాళ్ళు ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు.

పెదనాన్న 2003లో పూర్తిగా వచ్చేశారు. పదమూడేళ్ళు ఇద్దరూ కలిసే ఉన్నారు, అప్పుడప్పుడు పోట్లాడుకుంటూ, ఎక్కువగా అరుగు మీద ఊరికే కూర్చుంటూ. 2016లో ఆయన పోయారు. దినం అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయిన మధ్యాహ్నం, పెద్దమ్మ ఆ రేకుపెట్టె తీయమంది.

పెట్టెలో ఒక వైపు ఆయన కవర్లు. ఇంకో వైపు నా గుండ్రటి అక్షరాలు. నేను రాసినవన్నీ ఆయన దాచుకుని తిరిగి తెచ్చారు. యుద్ధంలో పోయాయనుకున్న పాతవి కూడా కొన్ని ఉన్నాయి, ఆ ప్లాస్టిక్ సంచిలో వచ్చినవి. మూలల్లో పసుపు ఇంకా లేతగా కనిపిస్తోంది. వెతుకుతుంటే 1989 ఫిబ్రవరిది దొరికింది. తిప్పి చివరి మడత చూశాను. కాయల లెక్క దగ్గర ఆగిపోయి ఉంది. పక్కన మార్జిన్ అంతా ఖాళీ. అంత ఖాళీ ఉందని నాకు గుర్తులేదు.

"పెద్దమ్మా, ఇందులో నువ్వు చెప్పిన మాట ఒకటి..." అన్నాను. నలభై దాటిన మనిషిని, గొంతు పూడుకుపోయింది.

"తెలుసులేమ్మా" అంది.

1990లో ఆయన వచ్చిన రాత్రే, ఆ ఐదు ఉత్తరాలూ ఆయన చేతిలో పెట్టిందిట. ఆయన దీపం దగ్గర కూడబలుక్కుని చదువుకుంటూ, మొదటిదాంట్లో ఆ మాట దగ్గర ఆగి, "వచ్చెయ్యమని ఎప్పుడు రాయించావు? నువ్వేమీ అనలేదు కదా అనే కదా నేను ఒప్పుకున్నాను" అన్నారుట. అప్పుడు ఇద్దరికీ అర్థమైందిట.

"మరి నన్ను ఒక్క మాటా అనలేదేం?"

"ఏమంటాం? చిన్నపిల్లవి. కాగితం చాల్లేదేమో అనుకున్నాం." కాసేపు ఆగి అంది, "రాసినా వచ్చేవారు కాదులే, అప్పుంది కదా." ఆ మాట నా కోసం అన్నదని నాకు తెలుసు.

పెట్టె అడుగున రబ్బరుబ్యాండు వేసిన ఒక కట్ట ఉంది. తీసి చూస్తే అన్నీ రాయని ఏరోగ్రాములు. ఇరవైకి పైనే ఉంటాయి. ఒక్కొక్క దాని మీద చిన్న చిన్న గోధుమరంగు మరకలు, పువ్వులు పరిచిన చోట.

"ఇన్ని ఎందుకు మిగిలిపోయాయి పెద్దమ్మా?"

"నీకు చోటు చాలకపోతే ఉంటుందని, ఆయన ఎప్పుడూ రెండేసి కొనమనేవారు" అంది.